ట్రిగ్గర్లున్న టేబుల్‌లో లక్షల రికార్డులు ఒకేసారి అప్‌డేట్ చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ట్రిగ్గర్ అంటే టేబుల్‌లో రికార్డు చేరినా, మారినా, తొలగినా డేటాబేస్ తనంతట తానే నడిపే కోడ్. ట్రిగ్గర్లున్న టేబుల్‌లో ఒక రికార్డు మార్చినప్పుడు ఏ ఇబ్బందీ తెలియదు. అదే అప్‌డేట్‌ను పది లక్షల రికార్డుల మీద నడిపిన రోజున మాత్రం గంటలు గడిచినా పూర్తి కాదు, టెన్షన్ మొదలవుతుంది. దీని గురించి నన్ను అడిగే సందేహాలు చాలావరకు మళ్లీ మళ్లీ అవే. అందుకే అన్నింటినీ ఒకచోట చేర్చాను. పోస్ట్‌గ్రెస్, మైఎస్‌క్యూఎల్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ డేటాబేస్‌లు ఈ విషయంలో ఒకేలా ఉండవు కాబట్టి, తేడా ఉన్న ప్రతిచోటా పేరు పెట్టి చెప్పాను. ఏ జవాబుకు ఆ జవాబే పూర్తిగా ఉంటుంది. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లండి.

## కారణం వెతికే దశ

ఒక్క రికార్డు మారిస్తే క్షణంలో అయిపోతుంది. లక్ష మారిస్తే ఎందుకు కదలదు?

రో-లెవెల్ ట్రిగ్గర్ మారిన ప్రతి రికార్డుకూ ఒకసారి నడుస్తుంది. మీరు రాసింది ఒకే అప్‌డేట్ అయినా, ట్రిగ్గర్ లోపల ఒక సెలెక్ట్ (డేటా చదవడం), ఒక ఇన్సర్ట్ (కొత్త రికార్డు రాయడం) ఉంటే, లక్ష రికార్డులకు రెండు లక్షల అదనపు స్టేట్‌మెంట్లు నడిచినట్టే. లెక్క వేసి చూడండి. ట్రిగ్గర్‌కు ఒక్కసారికి 1 మిల్లీసెకను పడితే మొత్తం 100 సెకన్లు. లోపలి సెలెక్ట్‌కు ఇండెక్స్ (రికార్డును త్వరగా వెతికిపెట్టే సూచిక) లేక 50 మిల్లీసెకన్లు పడితే 5,000 సెకన్లు, అంటే దాదాపు 83 నిమిషాలు. ఒక్క రికార్డు మార్చినప్పుడు ఆ 50 మిల్లీసెకన్లు ఎవరి కంటికీ ఆనవు. అందుకే ఈ సమస్య టెస్టింగ్‌లో దొరక్కుండా నేరుగా ప్రొడక్షన్‌లో బయటపడుతుంది.

ఆలస్యం ట్రిగ్గర్ వల్లా, అప్‌డేట్ వల్లా? ఎలా తేల్చుకోవాలి?

ఊహించొద్దు, కొలవండి. పోస్ట్‌గ్రెస్‌లో ఎక్స్‌ప్లెయిన్ అనలైజ్ (స్టేట్‌మెంట్ ఏ దారిలో నడిచిందో చూపే కమాండ్) నడిపితే ఆ ప్లాన్ చివర ఒక్కో ట్రిగ్గర్ పేరు, అది ఎన్నిసార్లు నడిచింది, మొత్తం ఎంత సమయం తీసుకుంది అన్నీ కనిపిస్తాయి. అయితే అది అప్‌డేట్‌ను నిజంగానే నడుపుతుంది. కాబట్టి ట్రాన్సాక్షన్ (అన్నీ కలిసి ఖాయమయ్యే లేదా రద్దయ్యే పనుల గుంపు) మొదలుపెట్టి నడిపి రోల్‌బ్యాక్ చేయండి, అంటే రద్దు చేయండి. టెస్ట్ సర్వర్‌లో, ఓ పది వేల రికార్డుల మీద చేస్తే ఇంకా మంచిది. ట్రిగ్గర్ లోపలి క్వెరీల ప్లాన్లు కూడా కావాలంటే ఆటో ఎక్స్‌ప్లెయిన్ మాడ్యూల్‌లో నెస్టెడ్ స్టేట్‌మెంట్ల లాగింగ్ ఆన్ చేయాలి.

ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ట్రిగ్గర్ స్టాట్స్ అనే డైనమిక్ మేనేజ్‌మెంట్ వ్యూ ఉంది. ఒరాకిల్‌లో ఎస్‌క్యూఎల్ ట్రేస్ తీసి టీకేప్రూఫ్‌తో చదవొచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో పెర్ఫార్మెన్స్ స్కీమా ట్రిగ్గర్ల వారీగా లెక్క ఇస్తుంది.

మేం ఈ టేబుల్ మీద ట్రిగ్గర్లే పెట్టలేదు. అయినా ప్లాన్‌లో ట్రిగ్గర్ టైమ్ కనిపిస్తోంది. ఎక్కడిది?

పోస్ట్‌గ్రెస్ ఫారిన్ కీలను (ఒక టేబుల్‌లోని విలువ ఇంకో టేబుల్‌లో ఉండి తీరాలనే నియమాలను) లోపల ట్రిగ్గర్లతోనే అమలు చేస్తుంది. పేరెంట్ టేబుల్‌లో కీ మారితే, చైల్డ్ టేబుల్‌లో దాన్ని వాడుతున్న రికార్డులు ఉన్నాయేమోనని ఒక్కో రికార్డుకూ వెతుకుతుంది. చైల్డ్ వైపు ఫారిన్ కీ కాలమ్‌కు ఇండెక్స్ లేకపోతే ప్రతిసారీ టేబుల్ మొత్తం చదవాల్సిందే. ఈ ఇండెక్స్‌ను పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్, ఎస్‌క్యూఎల్ సర్వర్ తమంతట తాము సృష్టించవు. మైఎస్‌క్యూఎల్‌లో డేటాను దాచే ఇంజిన్ ఇన్నోడీబీ మాత్రం సృష్టిస్తుంది. కీ కాలమ్ విలువ మారకపోతే ఈ వెతుకులాట జరగదు కాబట్టి, మీ అప్‌డేట్ కీని అనవసరంగా మారుస్తోందేమో కూడా చూడండి.

## ట్రిగ్గర్‌ను సరిచేసే దశ

ట్రిగ్గర్ కోడ్ ముట్టుకోకుండా ముందుగా చేయగలిగింది ఏమైనా ఉందా?

రెండున్నాయి. మొదటిది, ట్రిగ్గర్ లోపలి క్వెరీలు వెతికే కాలమ్‌లకు ఇండెక్స్ ఉందో లేదో చూడడం. నా అనుభవంలో సగం కేసులు ఇక్కడే తేలిపోయాయి.

రెండోది, మారనవసరం లేని రికార్డులను అప్‌డేట్‌లోకే రానివ్వకపోవడం. స్టేటస్‌ను "పూర్తయింది" అని మార్చే అప్‌డేట్, ఇప్పటికే పూర్తయిన వాటిని కూడా మళ్లీ రాస్తుంటుంది. పోస్ట్‌గ్రెస్ పాత విలువే రాసినా కొత్త వెర్షన్ సృష్టిస్తుంది, ట్రిగ్గర్ కూడా నడుస్తుంది. ఏ రికార్డులు మారాలో చెప్పే వేర్ క్లాజులో పాత విలువ, కొత్త విలువ వేరుగా ఉండాలనే షరతు చేర్చండి. నల్ విలువలు (అంటే ఏ విలువా లేని ఖాళీలు) ఉండొచ్చు కాబట్టి మామూలు "సమానం కాదు" గుర్తు సరిపోదు. పోస్ట్‌గ్రెస్‌లోనూ, 2022 నుంచి ఎస్‌క్యూఎల్ సర్వర్‌లోనూ "ఈజ్ డిస్టింక్ట్ ఫ్రమ్" ఉంది. మైఎస్‌క్యూఎల్‌లో నల్‌ను కూడా సరిగ్గా పోల్చే సమాన గుర్తు వేరే ఉంది.

విలువ నిజంగా మారినప్పుడే ట్రిగ్గర్ నడిచేలా చేయొచ్చా?

చేయొచ్చు. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. ట్రిగ్గర్‌ను "అప్‌డేట్ ఆఫ్ ఫలానా కాలమ్" అని పెడితే, ఆ కాలమ్ విలువ మారిందా లేదా అని చూడదు. సెట్ క్లాజులో (ఏ కాలమ్‌కు ఏ విలువ అని చెప్పే భాగంలో) ఆ కాలమ్ పేరు ఉందా అనే చూస్తుంది. ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రిగ్గర్‌లో వాడే అప్‌డేట్ ఫంక్షన్ కూడా అంతే. అన్ని కాలమ్‌లనూ ప్రతిసారీ సెట్‌లో పెట్టే ఓఆర్‌ఎమ్‌లు (ప్రోగ్రామ్ తరఫున ఎస్‌క్యూఎల్ రాసిపెట్టే లైబ్రరీలు) వాడేవారికి దీనివల్ల ఒరిగేదేమీ లేదు.

పోస్ట్‌గ్రెస్, ఒరాకిల్‌లో వెన్ క్లాజు (ట్రిగ్గర్ ఎప్పుడు నడవాలో చెప్పే షరతు) పెట్టి పాత, కొత్త విలువలను పోల్చండి. పోస్ట్‌గ్రెస్‌లో దీనికి ఇంకో లాభం కూడా ఉంది. ఆఫ్టర్ ట్రిగ్గర్‌కు (మార్పు జరిగాక నడిచేదానికి) వెన్ షరతు కుదరకపోతే ఆ రికార్డు, ట్రిగ్గర్ కోసం వేచి ఉండే క్యూలోకే వెళ్లదు. అదే షరతు ఫంక్షన్ లోపల ఇఫ్ రూపంలో ఉంటే, క్యూలో చేరి, ఫంక్షన్‌ను పిలిచి, ఏమీ చేయకుండా తిరిగి రావాలి. లక్షల రికార్డుల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది.

రో-లెవెల్‌ను స్టేట్‌మెంట్-లెవెల్‌గా మారిస్తే నిజంగా తేడా వస్తుందా, లేక పేరుకేనా?

అన్నింటికన్నా పెద్ద తేడా తెచ్చే మార్పు ఇదే. కొంచెం వివరంగా చెప్తాను.

లావాదేవీల టేబుల్ ఒకటి, ఖాతాల టేబుల్ ఒకటి ఉన్నాయనుకుందాం. లావాదేవీలోని డబ్బు మొత్తం మారితే ఖాతాలోని నిల్వను సరిచేసే రో-లెవెల్ ట్రిగ్గర్ ఉంది. మీరు 200 ఖాతాలకు చెందిన లక్ష లావాదేవీలు మార్చారు. ట్రిగ్గర్ లక్షసార్లు ఖాతాల టేబుల్‌ను అప్‌డేట్ చేస్తుంది, అంటే సగటున ఒక్కో ఖాతాను 500 సార్లు. పోస్ట్‌గ్రెస్‌లో ప్రతి అప్‌డేట్‌కూ రికార్డు కొత్త వెర్షన్ పుడుతుంది. ఆ ట్రాన్సాక్షన్ ముగిసేదాకా పాత వెర్షన్లను శుభ్రం చేయడం కుదరదు. కాబట్టి 400వ అప్‌డేట్, ముందున్న 399 వెర్షన్లను దాటుకుంటూ వెళ్లాల్సి రావచ్చు. పని పోనుపోను బరువెక్కేది అందుకే.

స్టేట్‌మెంట్-లెవెల్‌లో ట్రిగ్గర్ ఒక్కసారే నడుస్తుంది. మారిన రికార్డులన్నీ పాతవి ఒక టేబుల్‌గా, కొత్తవి ఒక టేబుల్‌గా చేతికి అందుతాయి. పాత మొత్తాలను మైనస్‌గా, కొత్త మొత్తాలను ప్లస్‌గా తీసుకుని యూనియన్ ఆల్‌తో ఒకచోట కలిపి, ఖాతా వారీగా కూడితే ఒక్కో ఖాతాకు నికర తేడా వస్తుంది. దాన్ని ఖాతాల టేబుల్‌తో జాయిన్ చేసి ఒకే అప్‌డేట్ నడపండి. లక్ష అప్‌డేట్ల చోట 200 రికార్డులు, అదీ ఒకే స్టేట్‌మెంట్‌లో. లావాదేవీ ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారినా ఈ లెక్కలో తప్పు రాదు. పాత, కొత్త టేబుళ్లను ప్రైమరీ కీ (ప్రతి రికార్డునూ వేరుగా గుర్తించే కాలమ్) మీద జాయిన్ చేసే పద్ధతిలో మాత్రం ప్రైమరీ కీయే మారితే జత కుదరదు.

పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సిషన్ టేబుళ్లు అనే ఈ పాత, కొత్త టేబుళ్లు 2017లో వచ్చిన 10వ వెర్షన్ నుంచి ఉన్నాయి. ఆఫ్టర్ ట్రిగ్గర్లకే పనిచేస్తాయి. కాలమ్‌ల జాబితా పెట్టకూడదు. ఒక ట్రిగ్గర్‌కు ఒకే ఈవెంట్ ఉండాలి కాబట్టి ఇన్సర్ట్‌కు, అప్‌డేట్‌కు, డిలీట్‌కు వేర్వేరు ట్రిగ్గర్లు రాయాలి. ఒరాకిల్‌లో 11జీ నుంచి కాంపౌండ్ ట్రిగ్గర్ ఉంది. ఒక్కో రికార్డు దగ్గర వివరాలను కలెక్షన్‌లో పోగుచేసి, స్టేట్‌మెంట్ చివర ఫర్‌ఆల్‌తో ఒకేసారి రాయొచ్చు.

ఎస్‌క్యూఎల్ సర్వర్ ట్రిగ్గర్లు మొదటి నుంచీ స్టేట్‌మెంట్‌కు ఒకసారే నడుస్తాయి. అక్కడ గండం వేరే ఉంది. మారిన రికార్డుల కొత్త విలువలుండే ఇన్సర్టెడ్ టేబుల్‌లో ఒకే రికార్డు ఉంటుందనుకుని విలువను వేరియబుల్‌లోకి తీసుకునే ట్రిగ్గర్లు ఎన్నో చూశాను. బల్క్ అప్‌డేట్ వచ్చినప్పుడు అవి ఒక్క రికార్డునే పట్టించుకుంటాయి, ఎర్రర్ కూడా రాదు. ఇన్సర్టెడ్ మీద కర్సర్ పెట్టి ఒక్కో రికార్డునూ తిప్పితే లెక్క సరిగ్గానే వస్తుంది కానీ, మళ్లీ రో-లెవెల్ వేగానికే దిగజారుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో స్టేట్‌మెంట్-లెవెల్ ట్రిగ్గర్లే లేవు కదా. మేమేం చేయాలి?

అవును, అక్కడ "ఫర్ ఈచ్ రో" ఒక్కటే ఉంది. కాబట్టి ట్రిగ్గర్‌ను వీలైనంత తేలిక చేయాలి. కూడికలు, జాయిన్లు ట్రిగ్గర్‌లో పెట్టకుండా, మారిన రికార్డు ఐడీని ఒక చిన్న పెండింగ్ టేబుల్‌లో రాసి వదిలేయండి. నిమిషానికోసారి నడిచే ఒక జాబ్ వాటిని గుంపుగా తీసుకుని లెక్కలు సరిచేస్తుంది. లెక్కలు కాసేపు ఆలస్యంగా సరిపడినా ఫర్వాలేదన్న చోటే ఇది పనికొస్తుంది.

ఆలస్యం కుదరని చోట, ట్రిగ్గర్ మొదట్లో ఒక సెషన్ వేరియబుల్ చూసి వెనుదిరిగేలా రాయండి. బల్క్ అప్‌డేట్ చేసే సెషన్‌లో ఆ వేరియబుల్ సెట్ చేసి, ట్రిగ్గర్ చేయాల్సిన పనిని అదే ట్రాన్సాక్షన్‌లో గ్రూప్ బై ఉన్న ఒకే క్వెరీతో మీరే చేయండి. ఇంకో మాట. మైఎస్‌క్యూఎల్‌లో ఫారిన్ కీ కాస్కేడ్ (పేరెంట్‌లోని మార్పు చైల్డ్‌కు దానంతట అదే పాకడం) వల్ల మారిన రికార్డులకు ట్రిగ్గర్లు నడవవు.

"చివరిగా మారిన సమయం" రాసే చిన్న ట్రిగ్గర్‌ను కూడా తీసేయాలా?

అవసరం లేదు. అదే రికార్డులో ఒక విలువ పెట్టే బిఫోర్ ట్రిగ్గర్ (మార్పు రాయకముందే నడిచేది) వేరే టేబుల్ జోలికి పోదు, దాని ఖర్చు చాలా తక్కువ. ఇతర కాలమ్‌ల నుంచి లెక్కగట్టే విలువ అయితే జనరేటెడ్ కాలమ్ వాడండి. పోస్ట్‌గ్రెస్‌లో 12 నుంచి, మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి ఉంది.

ట్రిగ్గర్ నుంచే మెయిల్ పంపుతున్నాం, వేరే సర్వీసును పిలుస్తున్నాం. ఇది వేగంగా అవుతుందా?

కాదు, దాన్ని అక్కడ ఉంచనేకూడదు. ప్రతి రికార్డూ నెట్‌వర్క్ జవాబు కోసం ఆగుతుంది, అంతసేపూ లాకులు పట్టుకునే ఉంటుంది. పైగా అప్‌డేట్ రోల్‌బ్యాక్ అయితే వెళ్లిన మెయిల్ వెనక్కి రాదు. పంపాల్సిన సమాచారాన్ని ఒక టేబుల్‌లో రాయండి. కమిట్ అయ్యాక (మార్పు ఖాయమయ్యాక) వేరే ప్రోగ్రామ్ దాన్ని చదివి పంపాలి.

## ట్రిగ్గర్‌ను ఆపే దశ

డిసేబుల్ చేసి, అప్‌డేట్ అయ్యాక ఎనేబుల్ చేస్తే సరిపోతుంది కదా?

ఆ ట్రిగ్గర్ చేసే పని మీరు వేరేగా చేస్తేనే సరిపోతుంది. ట్రిగ్గర్ అక్కడ ఉందంటే ఎవరో ఏదో అవసరం కోసమే పెట్టి ఉంటారు. ముందు అది తెలుసుకోండి.

రెండో సంగతి, డిసేబుల్ మీ ఒక్కరికే కాదు, అందరికీ వర్తిస్తుంది. ఒరాకిల్‌లో ఆ కమాండ్ వెంటనే కమిట్ అయిపోతుంది. మీ పని నడిచే గంటలో మిగతా యూజర్లు చేసే మార్పులు కూడా ట్రిగ్గర్ లేకుండానే వెళ్లిపోతాయి. పోస్ట్‌గ్రెస్‌లో ట్రాన్సాక్షన్ లోపల డిసేబుల్ చేస్తే అలా జరగదు. కానీ కమిట్ అయ్యేదాకా టేబుల్ మీద లాక్ ఉంటుంది కాబట్టి మిగతావారు చదవగలరే తప్ప రాయలేరు.

నేను పనిచేసిన ఒకచోట ఆడిట్ ట్రిగ్గర్‌ను ఆపిన స్క్రిప్టు మధ్యలో ఎర్రర్‌తో ఆగిపోయింది. ఎనేబుల్ చేసే లైను దాకా వెళ్లనే లేదు. కొన్ని రోజుల తర్వాత గానీ ఎవరూ గమనించలేదు. ఆ రోజుల్లో ఎవరు ఏం మార్చారో చెప్పే ఆధారం ఇక దొరకలేదు. పోస్ట్‌గ్రెస్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లలో డిసేబుల్, అప్‌డేట్, ఎనేబుల్ మూడింటినీ ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టొచ్చు. మధ్యలో ఏం జరిగినా అంతా వెనక్కి వెళ్తుంది. తప్పకుండా అలాగే చేయండి.

నా సెషన్‌కు మాత్రమే ఆపే దారి ఉందా?

పోస్ట్‌గ్రెస్‌లో సెషన్ రెప్లికేషన్ రోల్ అనే సెట్టింగ్‌ను రెప్లికాగా మారిస్తే మామూలు ట్రిగ్గర్లు ఆ సెషన్‌లో నడవవు. కానీ ఫారిన్ కీ తనిఖీలూ ఆగిపోతాయి. తప్పుడు డేటా చేరినా డేటాబేస్ అడ్డుకోదు. అందుకే దీన్ని నేను ఆఖరి మార్గంగానే చూస్తాను.

నాకు నచ్చే పద్ధతి, ట్రిగ్గర్‌లోనే ఒక స్విచ్ పెట్టడం. పోస్ట్‌గ్రెస్‌లో సొంత సెట్టింగ్ పేరు పెట్టుకుని కరెంట్ సెట్టింగ్ ఫంక్షన్‌తో వెన్ క్లాజులోనే చూడొచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో 2016 నుంచి సెషన్ కాంటెక్స్ట్ ఉంది, ఒరాకిల్‌లో ప్యాకేజీ వేరియబుల్ ఉంది. ఫారిన్ కీలు చెక్కుచెదరవు, మిగతా యూజర్లకు ఏమీ తెలియదు. కనెక్షన్ పూల్ (తెరిచిన కనెక్షన్లను దాచి మళ్లీ మళ్లీ వాడుకునే ఏర్పాటు) వాడేవారు మాత్రం జాగ్రత్త. స్విచ్ ఆన్‌లో ఉన్న కనెక్షన్ పూల్‌లోకి తిరిగి వెళ్తే, తర్వాత దాన్ని అందుకున్న మామూలు రిక్వెస్ట్ కూడా ట్రిగ్గర్‌ను దాటేయొచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో సెట్ లోకల్ కమాండ్ వాడితే ట్రాన్సాక్షన్‌తోనే అది పోతుంది.

పోస్ట్‌గ్రెస్‌లో డిసేబుల్ ట్రిగ్గర్ "ఆల్" అనాలా, "యూజర్" అనాలా?

"యూజర్". "ఆల్" అంటే ఫారిన్ కీల అంతర్గత ట్రిగ్గర్లు కూడా ఆగుతాయి. మళ్లీ ఎనేబుల్ చేసినప్పుడు ఆ మధ్యలో మారిన డేటాను అది తిరిగి తనిఖీ చేయదు.

## నడిపే దశ

మొత్తం ఒకే అప్‌డేట్‌గా నడపాలా, ముక్కలుగానా?

లక్షల్లో ఉంటే ముక్కలుగానే. పోస్ట్‌గ్రెస్ రో-లెవెల్ ఆఫ్టర్ ట్రిగ్గర్ల ఈవెంట్లను మెమరీలో క్యూ కడుతుంది. కోట్ల రికార్డులైతే మెమరీ చాలక స్టేట్‌మెంటే ఆగిపోవచ్చు. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో ఒక స్టేట్‌మెంట్ ఒక టేబుల్ మీద దాదాపు 5,000 లాకులు దాటితే మొత్తం టేబుల్ లాక్‌కు ఎక్కే ప్రయత్నం చేస్తుంది. అక్కడ 5,000 కన్నా తక్కువగా మొదలుపెట్టండి. మిగతా చోట్ల 5,000 నుంచి 10,000తో మొదలుపెట్టి, సమయం కొలుస్తూ పెంచండి. మరీ చిన్న ముక్కలు వద్దు. స్టేట్‌మెంట్-లెవెల్ ట్రిగ్గర్ ఉన్నచోట పదేసి రికార్డుల ముక్కలు చేస్తే దాని లాభమంతా పోతుంది.

ముక్కకో కమిట్ పెడితే "అంతా లేదా ఏమీ లేదు" అనే భరోసా ఉండదు. అందుకని పూర్తయిన చివరి ఐడీని ఒక టేబుల్‌లో, అదే ట్రాన్సాక్షన్‌లో రాయండి. ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టొచ్చు.

ముక్కలు చేశాం. మొదట వేగంగా వెళ్లి, పోనుపోను నెమ్మదిస్తోంది. ఎందుకు?

ఆఫ్‌సెట్ (ముందున్న ఇన్ని రికార్డులు వదిలేయమనే సూచన) వాడుతుంటే అదే కారణం. 500వ ముక్క కోసం ముందున్న 499 ముక్కలను చదివి పారేయాలి. ప్రైమరీ కీ రేంజ్‌తో, "ఈ ఐడీ తర్వాత నుంచి" అని అడగండి.

పోస్ట్‌గ్రెస్‌లో ఇంకో కారణం పాత వెర్షన్లు పేరుకుపోవడం. కొన్ని ముక్కలకోసారి వ్యాక్యూమ్ (వాటిని శుభ్రం చేసే కమాండ్) నడపండి. వేరే ఎవరో పొద్దున్నే తెరిచి వదిలేసిన ట్రాన్సాక్షన్ ఉంటే వ్యాక్యూమ్ నడిచినా ఆ పాత వెర్షన్లు శుభ్రం కాకపోవచ్చు, దాన్ని ముందు మూయించండి.

అప్లికేషన్‌లో లూప్ పెట్టి ఒక్కో రికార్డుకు ఒక్కో అప్‌డేట్ పంపుతున్నాం. మార్చాలా?

తప్పకుండా. అలా పంపినంతకాలం స్టేట్‌మెంట్-లెవెల్ ట్రిగ్గర్ కూడా ప్రతి రికార్డుకూ నడుస్తుంది. కొత్త విలువలను ముందు ఒక తాత్కాలిక టేబుల్‌లోకి కాపీ లేదా లోడ్ డేటా కమాండ్‌తో ఎక్కించి, దానితో జాయిన్ చేసి అప్‌డేట్ చేయండి. పోస్ట్‌గ్రెస్‌లో ఆటోవ్యాక్యూమ్ తాత్కాలిక టేబుళ్లను పట్టించుకోదు. అప్‌డేట్‌కు ముందు మీరే అనలైజ్ (టేబుల్ గణాంకాలు సేకరించే కమాండ్) నడపాలి, లేకపోతే క్వెరీ దారిని ఎంచే ప్లానర్ తప్పు ప్లాన్ ఎంచుకోవచ్చు.

టేబుల్‌లో దాదాపు ప్రతి రికార్డూ మారాలి. అప్పుడు కూడా అప్‌డేటేనా?

రాతలు కాసేపు ఆపగలిగితే, కొత్త విలువలతో కొత్త టేబుల్ సృష్టించి, ఇండెక్సులు కట్టి, పేర్లు మార్చుకోవడం చాలాసార్లు వేగంగా అవుతుంది. ట్రిగ్గర్లు, ఫారిన్ కీలు, పర్మిషన్లు కొత్త టేబుల్‌కు వాటంతట అవి రావు. ముందే జాబితా రాసుకోండి.

## అయిపోయాక

బల్క్ అప్‌డేట్‌కు కూడా ఆడిట్‌లో ఒక్కో రికార్డూ ఉండాలా?

మీ ఆడిట్‌ను ఎవరు, ఎందుకు చదువుతారన్న దాన్ని బట్టి ఉంటుంది. పాత విలువ, కొత్త విలువ చూపించాల్సిన బాధ్యత ఉంటే ఒక్కటి కూడా వదలకూడదు. స్టేట్‌మెంట్-లెవెల్ ట్రిగ్గర్‌లో పాత, కొత్త టేబుళ్లను జాయిన్ చేసి ఒకే ఇన్సర్ట్‌తో రాస్తే ఆ ఖర్చు భరించలేనంత ఉండదు. వేగం కోసం ఆడిట్ మానేయాలన్న నిర్ణయం డెవలపర్ ఒక్కరే తీసుకునేది కాదు, డేటాకు బాధ్యులైన వారిని అడిగి రాతపూర్వకంగా తీసుకోండి.

అన్నీ సరిగ్గా ఉన్నాయని ఎలా నమ్మాలి?

ముందు ట్రిగ్గర్లు తిరిగి ఆన్ అయ్యాయో లేదో కేటలాగ్‌లోనే (డేటాబేస్ తన సొంత వివరాలు దాచుకునే చోట) చూడండి. పోస్ట్‌గ్రెస్‌లో పీజీ ట్రిగ్గర్ టేబుల్, ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో సిస్ ట్రిగ్గర్స్, ఒరాకిల్‌లో యూజర్ ట్రిగ్గర్స్ వ్యూ ఆ సంగతి చెప్తాయి. తర్వాత, పైన చెప్పిన ఖాతాల ఉదాహరణలో అయితే, నిల్వలను అసలు లావాదేవీల నుంచి మళ్లీ కూడి, ఖాతాల టేబుల్‌లో ఉన్నదానితో పోల్చండి. తేడా ఉన్న ఖాతాలు సున్నా రావాలి. మారిన రికార్డుల సంఖ్య, ఆడిట్‌లో చేరిన రికార్డుల సంఖ్య కూడా సరిపోవాలి. ఈ మూడు క్వెరీలను అప్‌డేట్ మొదలుపెట్టకముందే రాసి, ఒకసారి నడిపి ఫలితం దాచుకోండి. తర్వాత తేడా కనిపిస్తే, అది ఈ రోజు పుట్టిందా, ఎప్పటి నుంచో ఉందా అన్నది అప్పుడే తెలుస్తుంది.